ఉద్యోగం చూసుకుంటూ సరదాగా పరుగు: తరచుగా అడిగే ప్రశ్నలు

తొమ్మిదిన్నరకల్లా ఆఫీసులోనో, బళ్లోనో, కొట్లోనో ఉండాల్సినవాళ్లు, పతకాల మీద ఆశలేవీ లేనివాళ్లు, అయినా పరిగెత్తాలని ఉన్నవాళ్లు ఉంటారు. ఈ పేజీ వాళ్ల కోసం. రాజమండ్రి, తణుకు, భీమవరం, అమలాపురం వైపు తెలిసినవాళ్లు నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్నలే ఇవి. నేను కోచ్‌ని కాదు, డాక్టర్ని అంతకంటే కాదు. ఉద్యోగం చేసుకుంటూ, పిల్లల క్యారేజీలు కట్టుకుంటూ పరిగెత్తే మనిషిని.

"ఏమైందండి, ఎందుకు పరిగెడుతున్నారు?" అని అడుగుతున్నారు. ఏం చెప్పాలి?

మనవైపు ఎవరైనా పరిగెడుతుంటే చూసేవాళ్లకి మూడే కారణాలు తడతాయి. కుర్రాళ్లయితే కానిస్టేబుల్ సెలక్షన్లు. నలభై దాటితే షుగర్. ఆడవాళ్లయితే ఒళ్లు తగ్గడానికి. టీ కొట్టు దగ్గర కూర్చున్న పెద్దాయన "తినకముందు ఎంతుందేంటమ్మా?" అని మన షుగర్ లెక్క కూడా అడిగేస్తారు. అందులో వెటకారం తక్కువ, ఆరా ఎక్కువ.

"ఊరికేనండి, బావుంటుంది" అని చెప్పి సాగిపోండి. ఆగి వివరించడం మొదలుపెడితే ఆ రోజు పరుగు అక్కడితో సరి. మొదట్లో రోజూ అడుగుతారు. తర్వాత మానేస్తారు. ఆ తర్వాత మనం రెండు రోజులు కనపడకపోతే "ఒంట్లో బాలేదా అమ్మా?" అని మళ్లీ అడుగుతారు.

ఒక్క మాట మాత్రం గట్టిగా చెప్తాను. భయంతో మొదలైన పరుగు రిపోర్టు నార్మల్ రాగానే ఆగిపోవడం చాలామందిలో చూశాను. పరుగులో ఏదో ఒకటి నచ్చాలి: గట్టు మీద గాలో, ఫోన్ మోగని అరగంటో, తిరిగొచ్చాక చన్నీళ్ల స్నానమో. నచ్చేదేమీ లేకపోతే దారి మార్చండి, వేళ మార్చండి, తోడు మార్చండి. అన్నీ మార్చినా నచ్చకపోతే సైకిల్ ఉంది, ఈత ఉంది, షటిల్ ఉంది. పరుగే చెయ్యాలన్న రూలేం లేదు.

నేను మరీ నెమ్మది. గ్రౌండ్‌లో అందరూ నన్ను దాటిపోతుంటే సిగ్గేస్తోంది.

దాటుతున్నది ఎవరో ఓసారి చూడండి. కాలేజీ గ్రౌండ్లలో పొద్దున్నే కనిపించేవాళ్లలో చాలామంది సెలక్షన్లకి తయారవుతున్న పిల్లలు. వాళ్లు 1600 మీటర్లు టైం లోపల ముగించాలి, లేకపోతే ఉద్యోగం లేదు. మీ ఉద్యోగం మీకుంది. ఒకే గ్రౌండ్‌లో తిరుగుతున్నంత మాత్రాన ఇద్దరిదీ ఒకే పని కాదు. లోపలి వరస వాళ్లకి వదిలేసి బయటి అంచున పరిగెత్తండి. అది మర్యాద, మన మనసుకీ హాయి.

సరైన వేగం తెలుసుకోవడానికి వాచీ అక్కర్లేదు. పక్కమనిషితో పూర్తి వాక్యాలు మాట్లాడగలిగితే వేగం సరిపోయినట్టే. ఒంటరిగా ఉంటే చిన్నప్పుడు బళ్లో నేర్చుకున్న పద్యం ఏదైనా పైకి చెప్పండి. నాలుగు పాదాలూ రొప్పకుండా వస్తే అలాగే సాగండి. రెండో పాదంలోనే ఊపిరి తెగిపోతే తగ్గించండి. తగ్గిస్తే నడకలాగా అయిపోతోందా? అవ్వనివ్వండి. కొత్తల్లో అందరిదీ అంతే.

ఈ నెమ్మదికి శాస్త్రం కూడా ఉంది. క్రమంగా పరిగెడితే గుండె, ఊపిరి కొన్ని వారాల్లోనే అలవాటు పడతాయి. ఎముకలు, కండరాల్ని ఎముకలకి పట్టి ఉంచే తాళ్లలాంటి కట్లు గట్టిపడటానికి నెలలు పడుతుంది. అందుకే రెండో నెలలో "ఇప్పుడు ఆయాసం లేదు కదా" అని వేగం పెంచినవాళ్లకి పిక్క ముందు ఎముకో, మడమ వెనకాలో నొప్పి మొదలవుతుంది. ఆయాసం పోవడం ఒక్కటే లెక్క కాదు.

అసలు ఎలా మొదలుపెట్టాలి?

ఒక నిమిషం పరుగు, రెండు నిమిషాలు నడక. ఇలా ఇరవై, ఇరవై అయిదు నిమిషాలు. వారానికి మూడు రోజులు, రోజు విడిచి రోజు. ఒక వారం తేలిగ్గా అనిపిస్తే తర్వాతి వారం పరుగు కాస్త పెంచి నడక కాస్త తగ్గించండి. కష్టంగా ఉంటే అదే వారాన్ని మళ్లీ చెయ్యండి. అరగంట ఆగకుండా పరిగెత్తడానికి ఎవరికైనా రెండు, మూడు నెలలు పడుతుంది, ఇంకా ఎక్కువ పట్టినా తప్పు లేదు. 1996లో మొదలై ప్రపంచమంతా పాకిన "కౌచ్ టు 5కె" (సోఫాలోంచి అయిదు కిలోమీటర్ల పరుగు దాకా) పద్ధతిదీ ఇదే దారి, అది తొమ్మిది వారాల ప్రణాళిక.

నాకు టైం ఎక్కడుందండి?

పొద్దున్నే నాలుగింటికి లేస్తే టైం అదే దొరుకుతుందని చెప్పేవాళ్ల మాట నేను పట్టించుకోను. రాత్రి పదింటికి కొట్టు కట్టి, లెక్కలు చూసుకుని పడుకునే మనిషి నాలుగింటికి లేస్తే పోయేది నిద్ర. నిద్ర తక్కువైన ఒంటికి దెబ్బలూ త్వరగా తగులుతాయి, పరుగు మీద విసుగూ త్వరగా వస్తుంది. అలాంటివాళ్లు వారంలో కొట్టుకి సెలవు రోజున ఒకసారి, మధ్యలో ఇంకో సాయంత్రం ఒకసారి పెట్టుకుంటే మొదలుపెట్టడానికి చాలు.

రొయ్యల చెరువుల మీద పనిచేసేవాళ్ల సంగతి వేరు. తెల్లవారుజామునే నీళ్లలో ఆక్సిజన్ బాగా పడిపోతుంది, నీళ్లలో గాలి కలిపే ఏరేటర్లు కనిపెట్టుకుని ఉండాల్సిన వేళ అదే. వాళ్లకి సాయంత్రం అయిదు తర్వాతే వీలు. టీచర్లకి పరీక్షల నెల, బ్యాంకువాళ్లకి మార్చి నెల. ఆ రోజుల్లో వారానికి రెండుసార్లు ఇరవై నిమిషాలు పరిగెత్తినా చాలు, సంపాదించుకున్న దమ్ము చాలావరకు నిలుస్తుంది. వారం, పది రోజులు పూర్తిగా మానేసినా పెద్దగా పోయేదేమీ ఉండదు. పోయిందనుకుని దిగులుపడి నెల మానేస్తేనే పోతుంది.

ఇంట్లో వంట చేసేది మీరే అయితే అలారం గురించి కాదు, క్యారేజీల గురించి ఆలోచించాలి. ఆ అరగంట మీకు కావాలంటే ఆ అరగంట పని ఇంకెవరో చెయ్యాలి. ఈ మాట ఇంట్లో ముందే తేల్చుకోండి. మా ఇంట్లో పరుగు రోజుల్లో ఇడ్లీ పాత్ర పొయ్యి మీద పెట్టేది మా ఆయన. చట్నీ ముందురోజు రాత్రే అయిపోతుంది. "నువ్వు వెళ్లు, నేను చూసుకుంటాలే" అన్న మాటకి నెలకోసారి అయినా పరీక్ష పెట్టాలి, లేకపోతే అది మాటగానే ఉండిపోతుంది.

ఎంత చేస్తే చాలన్నదానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే లెక్క ఇది: పెద్దవాళ్లకి వారానికి 150 నుంచి 300 నిమిషాల ఓ మోస్తరు శ్రమ, లేదా 75 నుంచి 150 నిమిషాల గట్టి శ్రమ. మూడు అరగంటలు పరిగెడితే రెండో లెక్కలో కింది గీత దాటినట్టే.

ఎక్కడ పరిగెత్తడం మంచిది?

డెల్టాలో మనకి కొండలు లేవు, గట్లున్నాయి. పంట కాలువ గట్టు మీద మట్టి దారి మోకాళ్లకి మెత్తగా ఉంటుంది, చెట్ల నీడ ఉంటుంది, లాకుల దగ్గర మలుపు తిరిగితే దూరం లెక్క కూడా తేలిక. లోపం ఏమిటంటే వానాకాలం. ఒండ్రు మట్టి తడిస్తే బూటుకి ముద్దలుగా అంటుకుంటుంది, జారుతుంది కూడా. రెండు వానలు పడ్డాక గట్టు వదిలేసి తారు రోడ్డుకో, గ్రౌండ్‌కో మారండి. వేసవిలో కాలువలు కట్టేసినప్పుడు పూడిక తీసే యంత్రాలు తిరుగుతాయి, కొన్నిచోట్ల వాసన కూడా భరించలేం.

రాజమండ్రి వాళ్లకి గోదావరి గట్టు ఉంది. కార్తీకమాసంలో, అందులోనూ సోమవారాల్లో, ఘాట్ల దగ్గర పరిగెత్తాలని చూడకండి. స్నానాలకి వచ్చినవాళ్ల మధ్య నుంచి తోసుకుంటూ వెళ్లడం బావుండదు.

ధవళేశ్వరం బ్యారేజీ మీద పరిగెత్తడం నాకు అన్నిటికంటే ఇష్టం. కాటన్ దొర కట్టించిన ఆనకట్ట 1852లో పూర్తయింది. దాని స్థానంలో వచ్చిన ఇప్పటి బ్యారేజీ నాలుగు ముక్కలుగా ఉంటుంది: ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం. గేట్లు వరసగా 70, 43, 23, 39. మొత్తం 175. కొత్తవాళ్లకి ఇంతకంటే మంచి కొలత దొరకదు. గేట్లున్నంత మేరా పరుగు, మధ్యలో లంకల మీద నడక. రోడ్డు ఇరుకు కాబట్టి బళ్లు మొదలయ్యే లోపే, ఆదివారం తెల్లవారగానే వెళ్లాలి. వరద రోజుల్లో వద్దు. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకి చేరితే మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది ఇస్తారు. మొదటిది వినగానే బ్యారేజీ, ఏటిగట్లు రెండూ మానుకోండి. చూడ్డానికొచ్చే జనం, బళ్లు, పోలీసులు, అక్కడ మన అవసరం ఏమీ లేదు.

ఎత్తు ఎక్కడం సాధన చెయ్యాలంటే మనకి వంతెనలే దిక్కు. చించినాడ, యెదుర్లంక లాంటి పెద్ద వంతెనల ఎత్తు కాళ్లకి బాగానే తెలుస్తుంది. కాకినాడ, అంతర్వేది వైపు సముద్రపు ఒడ్డున అయితే తడిసి గట్టిపడిన ఇసుక మీదే పరిగెత్తండి. ఒడ్డు ఒకవైపుకి వాలి ఉంటుంది కాబట్టి వెళ్లిన దారినే తిరిగి రావాలి, లేకపోతే ఒక కాలికే భారం.

కోతల కాలంలో రోడ్డు మీద ధాన్యం ఆరబోసి ఉంటే దాని మీద నుంచి పరిగెత్తకండి. ఎవరి తిట్లు తిన్నా తినొచ్చు గానీ, వానకి ముందు ధాన్యం ఎత్తుకునే రైతు తిట్లు తినకూడదు.

ఎండ, ఉక్క తట్టుకోలేకపోతున్నాను. వేసవిలో మానెయ్యాలా?

మానక్కర్లేదు, తగ్గించాలి. చెమట ఆరితేనే ఒళ్లు చల్లబడుతుంది. మన గాలిలో తేమ ఎక్కువ కాబట్టి చెమట కారుతుంది గానీ ఆరదు. అదే వేగానికి గుండె ఎక్కువ కొట్టుకుంటుంది. ఏప్రిల్‌లో మీ వేగం తగ్గితే అది మీ లోపం కాదు, గాలిలో తేమ చేసే పని. ఒళ్లు వేడికి అలవాటు పడటానికి పది రోజుల నుంచి రెండు వారాలు పడుతుంది. అప్పటిదాకా దూరం సగం చేసుకోండి.

మే నెలాఖర్లో మనవైపు సూర్యుడు అయిదున్నర లోపే వచ్చేస్తాడు, వెలుగు అంతకంటే ముందే వస్తుంది. ఆరున్నరకల్లా ఇంటికి చేరిపోవాలి. రోహిణి కార్తెలో సాయంత్రం పరుగు నేను ఎవరికీ చెప్పను, రోడ్డు రాత్రి ఎనిమిదింటికి కూడా సెగలు కక్కుతూనే ఉంటుంది. తల తిరగడం, వాంతి వచ్చినట్టు ఉండటం, ఎండలో ఉన్నా ఒళ్లు జలదరించడం, వీటిలో ఏది వచ్చినా ఆగి నీడకి చేరి, ఒంటి మీద నీళ్లు పోసుకోండి. మాట తడబడితే ఆసుపత్రికి తీసుకెళ్లాల్సిందే.

జనవరిలో తెల్లారేది ఆరున్నరకి. పొగమంచు పట్టిన రోజుల్లో రోడ్డు మీద అసలు వద్దు, లారీవాడికి మనం కనపడం.

పరుగుకి ముందు, తర్వాత ఏం తినాలి?

అరగంట పరుగుకి ముందు ఏమీ అక్కర్లేదు. మరీ నీరసంగా ఉంటే ఒక చక్కెరకేళి అరటిపండు చాలు. తర్వాత మీ ఇంట్లో ఉండే టిఫినే. చద్దన్నం, పెరుగు, ఉల్లిపాయ ఉంటే ఇంకేం కావాలి.

కొబ్బరి బొండం గురించి ఒక మాట. కోనసీమలో పరుగు అంటే బొండం అనుకుంటారు. అందులో పొటాషియం దండిగా ఉంటుంది, సోడియం తక్కువ. చెమటలో ఎక్కువగా పోయేది సోడియం. కాబట్టి వేసవిలో గంట పరిగెత్తి వచ్చాక ఉప్పు వేసిన పల్చటి మజ్జిగ బొండం కంటే బాగా పనిచేస్తుంది. రెండూ తాగినా ఎవరూ వద్దనరు. ఆదివారం పరుగు తర్వాత నెయ్యి కారే పెసరట్టు ఉప్మా తింటే చేసిందంతా పోతుందా అని కూడా అడుగుతారు. తినండి. దాని కోసమే పరిగెత్తేవాళ్లు నాకు తెలుసు.

పరిగెడితే మోకాళ్లు అరిగిపోతాయంటారు, నిజమా?

ఇంట్లో పెద్దవాళ్లందరూ చెప్పే మాట ఇది. 2017లో పాత పరిశోధనలన్నీ కలిపి చూసిన ఒక సమీక్షలో, సరదాగా పరిగెత్తేవాళ్లలో మోకాళ్ల, తుంటి కీళ్ల అరుగుదల 3.5 శాతం మందిలో కనిపించింది. అసలు పరిగెత్తనివాళ్లలో 10.2 శాతం. పోటీల స్థాయిలో పరిగెత్తేవాళ్లలో 13.3 శాతం. అంటే అతిగా పరిగెత్తినవాళ్లకీ, కదలకుండా కూర్చున్నవాళ్లకీ కష్టమే. మనం మధ్యలో ఉన్నవాళ్లం. పరుగు వల్లే అరుగుదల తగ్గిందని ఈ లెక్క తేల్చదు, కాళ్లు బాగున్నవాళ్లే పరుగు కొనసాగించి ఉండొచ్చు కూడా. అయినా భయపడాల్సిన పని లేదని మాత్రం చెప్తుంది. ఇప్పటికే వాపు ఉన్నా, మెట్లు దిగుతుంటే పట్టేస్తున్నా ముందు ఎముకల డాక్టర్ని కలవండి.

బూట్లు ఖరీదైనవే కొనాలా?

1960 రోమ్ ఒలింపిక్స్ మారథాన్‌ని అబెబె బికిలా వట్టికాళ్లతో గెలిచాడు. అలాగని మీరు వట్టికాళ్లతో వెళ్లకండి, మన గట్ల మీద తుమ్మముళ్లు, గాజుపెంకులు ఉంటాయి. తొడుక్కుని నాలుగడుగులు పరిగెత్తి చూస్తే హాయిగా ఉండాలి, బొటనవేలి ముందు కాస్త ఖాళీ ఉండాలి. అంతకంటే పెద్ద రూలు లేదు. సాయంత్రం వెళ్లి కొనండి, అప్పటికి పాదాలు కొద్దిగా ఉబ్బి ఉంటాయి. ఒక జత 500 నుంచి 800 కిలోమీటర్ల వరకు వస్తుంది. తడిస్తే ఎండలో పడెయ్యకుండా లోపల న్యూస్ పేపరు కుక్కి ఫ్యాను కింద పెట్టండి.

కుక్కలు, పాములు, లారీలు?

కుక్క వెంటపడితే పరిగెత్తడం ఆపండి. ఎదురు తిరిగి నిలబడి, మెల్లగా నడుస్తూ దాటండి. రాయి కోసం వంగినట్టు చేస్తే మన ఊరి కుక్కలు చాలావరకు వెనక్కి తగ్గుతాయి. కరిస్తే గాయాన్ని సబ్బుతో, ధారగా పడే నీళ్లతో పదిహేను నిమిషాలు కడిగి, అదే రోజు ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్లి టీకా మొదలుపెట్టించుకోండి. పసుపు, కారం పెట్టడాలు వద్దు.

గట్ల మీద చీకట్లో రక్తపింజర పడుకుని ఉంటుంది, అది తప్పుకోదు కూడా. టార్చి లేకుండా గట్టెక్కొద్దు.

రోడ్డు మీద కుడివైపు పరిగెత్తండి, అప్పుడు ఎదురొచ్చే బండి మీకు కనిపిస్తుంది. రెండు చెవుల్లోనూ పాటలు పెట్టుకోవద్దు. ఫౌజా సింగ్ పేరు వినే ఉంటారు, 89 ఏళ్ల వయసులో లండన్‌లో మొదటి మారథాన్ పరిగెత్తిన పంజాబీ పెద్దాయన. 2025 జూలైలో 114 ఏళ్ల వయసులో సొంత ఊరి దగ్గర రోడ్డు మీద కారు గుద్ది పోయారు. వయసు ఆయన్ని ఆపలేదు. వయసు ఎక్కువైందని నన్ను అడిగేవాళ్లకి ఆయన మొదటి మారథాన్ గురించి చెప్తాను, రోడ్డు మీద ఫోన్ చూసుకుంటూ పరిగెత్తేవాళ్లకి రెండో సంగతి చెప్తాను.

షుగర్, బీపీ ఉన్నవాళ్లు పరిగెత్తొచ్చా?

డాక్టరుని అడిగి, నడకతో మొదలుపెట్టి, పరిగెత్తొచ్చు. ఇన్సులిన్ తీసుకునేవాళ్లు, కొన్ని రకాల షుగర్ మాత్రలు వాడేవాళ్లు పరుగులో షుగర్ పడిపోయే ప్రమాదం ఉంది. జేబులో గ్లూకోజ్ పొడో, బెల్లం ముక్కో ఉండాలి. పరుగు అయ్యాక పాదాలు చూసుకోండి, స్పర్శ తగ్గినవాళ్లకి బొబ్బ లేచినా తెలియదు. ఛాతీలో బరువు, ఎడమ చేతికి పాకే నొప్పి వస్తే గ్యాస్ అని సోడా తాగి కూర్చోవద్దు.

ఆడవాళ్లు ఒంటరిగా వెళ్లడం ఎలా? ఏం వేసుకోవాలి?

వదులు టీషర్టు, ట్రాక్ ప్యాంటు. మొదట్లో చున్నీతో మొదలుపెట్టినవాళ్లు ఉన్నారు, దాన్ని నడుముకి గట్టిగా కట్టుకుంటే ఇబ్బంది లేదు. అన్నిటికంటే ముందు డబ్బు పెట్టాల్సింది మంచి స్పోర్ట్స్ బ్రా మీద, బూట్ల కంటే ముందు. ఒంటరిగా అయితే చీకటి పడ్డాక గట్టు వైపు వెళ్లను, వేళలు రోజూ ఒకేలా ఉంచను, ఇంట్లో దారి చెప్పి వెళ్తాను. ఇద్దరం ఉంటే ఇవేవీ అంత పట్టించుకోం. పక్కింటి వదినగారిని నడకకి రమ్మని పిలిచి మెల్లగా పరుగులోకి దించండి. నాకు తోడు దొరికింది అలాగే.

నెలసరి రోజుల్లో పరిగెత్తొచ్చా అంటే, ఒంట్లో ఓపిక ఉంటే పరిగెత్తొచ్చు, లేకపోతే మానొచ్చు. అంతకు మించి రహస్యం లేదు.

"ఆడాళ్లకి ఇదేం పని" అనే మాట మన ఊళ్లో పుట్టింది కాదు. 1967లో బోస్టన్ మారథాన్‌లో క్యాథరిన్ స్విట్జర్ పరిగెడుతుంటే నిర్వాహకుడు మధ్యలో వచ్చి లాగెయ్యబోయాడు. ఆ పోటీలో ఆడవాళ్లని అధికారికంగా ఒప్పుకున్నది 1972లో. ఒలింపిక్స్‌లో ఆడవాళ్ల మారథాన్ వచ్చింది 1984లో. మా అమ్మ వయసు వాళ్లు ఇదంతా పేపర్లో చదివేసరికి పిల్లల తల్లులు. మన వీధిలో ఎవరైనా నోరు నొక్కుకుంటే నాకు పెద్ద కోపం రాదు.

వాచీ, యాప్ కావాలా?

లెక్క చూసుకుంటే ఉత్సాహం వచ్చేవాళ్లు పెట్టుకోండి. చూసుకున్నప్పుడల్లా టెన్షన్ వస్తుంటే తీసెయ్యండి. నేను గురువారం పరుగుకి ఏదీ పెట్టుకోను.

రేసులకి వెళ్లాలా?

వెళ్లకపోయినా మీరు పరిగెత్తే మనిషే. వెళ్తే ఒక లాభం ఉంది: వేలమంది మధ్యలో మీకంటే నెమ్మదైనవాళ్లు, మీకంటే పెద్దవాళ్లు, మీకంటే లావైనవాళ్లు అందరూ కనిపిస్తారు. గ్రౌండ్‌లో సెలక్షన్ కుర్రాళ్ల పక్కన పోయిన ధైర్యం అక్కడ తిరిగొస్తుంది. మనకి దగ్గర్లో వైజాగ్ నేవీ మారథాన్ ఉంది, ఆగస్టులో హైదరాబాద్ మారథాన్ ఉంది. పేరు మారథానే గానీ, 42.195 కిలోమీటర్లు పరిగెత్తాల్సిన పనిలేదు, చిన్న దూరాలు కూడా ఉంటాయి. మొదటిసారి అయిదో, పదో కిలోమీటర్లకి పేరు ఇవ్వండి. ముందురోజు రాత్రి బంధువులింట్లో దిగితే కొసరి కొసరి వడ్డిస్తారు, లాడ్జి మేలు. తిరుగు టికెట్టు ముందే చేయించుకోండి, ఆదివారం సాయంత్రం వైజాగ్ నుంచి ఇటొచ్చే రైళ్లలో నిలబడి రావడం పరుగు కంటే కష్టం. వీలైతే సోమవారం ఒక పూట సెలవు పెట్టండి.